పదకొండు వందల గంటలు

జుమేరా విల్లాలల్ల పొద్దంత
సీలింగులకు రంధ్రాలు పొడిచి
నలభై వేల దిర్హమ్‌ల ప్రొజెక్టర్లు బిగించేది నేను.
తెర మీద నేను చూసేదల్ల
తెల్ల గీతల గళ్లు, రంగురంగుల పట్టీలు,
నాలుగు మూలలు సమంగ ఉన్నయా లేదా, అంతే.
మూలలు కుదిరినంక నిచ్చెన మడుస్త.
సినిమా షురువైతదేమో,
గప్పటికి నేను వ్యాన్ల ఉంట.

గందుకే రూమోళ్లు నన్నే ముందట నడిపిచ్చిండ్రు,
"నీకెరుకే కదనే, నువ్వే చూడు" అని.
ఆరుగురం, తలా నలభై.
లింబాద్రి జేబుల రబ్బరు బ్యాండు చుట్టుకొని
రెండు వందల నలభై.

సజా క్యాంపుల మా రూము
పన్నెండడుగులు, తొమ్మిదడుగులు.
మూడు దిక్కుల గోడలను మూడు డబల్ మంచాలు మింగినై.
మిగిలింది తలుపున్న గోడ.
టేపు పట్టి చూసిన,
పదడుగుల దూరంకెల్లి ఆరడుగుల బొమ్మ పడాలె.
ఫ్యాను చప్పుడు తక్కువుండాలె,
మస్తాన్‌వలి నాలుగింటికి లేసి బస్సు తియ్యాలె.
దుమ్ము జాలి ఊడదీసి కడిగేటట్టు ఉండాలె,
ఈడ గాలి గూడ ఇసుకనే.
విల్లాలల్ల ఇసొంటియి ఎవ్వరు అడగరు,
సోఫా రంగుకు కలుస్తదా అంటరు.

ఇండస్ట్రియల్ ఏరియాల పాత సామాన్ల దుకాణం.
కాసర్‌గోడ్ అబూబకర్ రెండు తీసి బల్ల మీద పెట్టిండు.
ఒకటి కొత్తది, ఎల్‌ఈడీ,
"ఇరవై వేల గంటలు, బల్బు మార్చే పనే లేదు."
ఇంకొకటి ఏ ఆఫీసులనో నడిచి నడిచి వచ్చింది,
నాలుగు వేల గంటల బల్బు,
మెనూ తెరిచి చూస్తే రెండు వేల తొమ్మిది వందలు కాలిపోయినై.

అట్టముక్క మీద రెంటినీ వేసి చూసిన.
కొత్తదాని వెలుగు నీళ్ల చాయ.
పాతదాంట్ల నలుపు జర బూడిదైంది
గని, మొఖాలు మొఖాల లెక్కనే ఉన్నై.

లింబాద్రి బీడీల కార్ఖానల లెక్కలు రాసినోడు.
వారానికొక్క సినిమా, రెండున్నర గంటలు,
ఫోన్ల గుద్ది చెప్పిండు:
"కొత్తదైతే నూట యాభై మూడేండ్లు!"
"అంటే మన ముని మనుమలు గూడ
గీ మంచాల మీదనే కూసోవాల్నా?"
అందరం నవ్వినం, అబూబకర్ గూడ నవ్విండు.
"పాతదైతే ఎనిమిదిన్నరేండ్లు."
ఎవ్వరం నవ్వలేదు.
పదిహేడేండ్ల సంది ఈడనే ఉన్న రాజేశం
లెన్సు మీది వేలిముద్ర అంగీ కొసతోటి తుడుస్తూ
"అది గూడ ఎక్కువనే, దీన్నే కట్టు" అన్నడు.

బేరమాడితే రెండు వందల పదికి వచ్చింది.
మిగిలిన ముప్పైకి తెల్ల పెయింటు డబ్బ.
క్యాంపు బాస్‌కు చెప్పకుంటనే
గోడకు, తలుపుకు రెండు చేతులు వేసినం.
గడియ మటుకు నల్లగనే ఉండిపోయింది,
ఎవ్వల మొఖం వచ్చినా చెంప మీద పుట్టుమచ్చ లెక్క.

మూలలు నేనే కుదిరిచ్చిన.
ఈసారి మడవడానికి నిచ్చెన లేదు,
పై మంచం మీద కాళ్లు చాపుకున్న.
ఎవ్వడో గుడాలు చేసిండు, గిన్నె చెయ్యి మారుతున్నది.
సినిమాల వాన మొదలైంది,
హీరోయిన్ అరుగు మీద నిలబడి
ఎవరి కోసమో తొవ్వ చూస్తున్నది.

పదకొండున్నరకు ఆమె మొఖం నిట్టనిలువున సగానికి మడిచి
అప్పలస్వామి లోపలికొచ్చిండు.
రెండో షిఫ్టు దిగినోడు, చేతిల టిఫిను,
వెల్డింగు కండ్లు ఇంత వెలుగుకు ఆగక
చెయ్యి అడ్డం పెట్టుకొని "ఏటిది?" అన్నడు.
అంగీ మీద, నెత్తి మీద, టిఫిను మూత మీద
వానే వాన.
జరుగుమని ఎవ్వరం అనలేదు.
జర సేపటికి రాజేశమే కింది మంచం నుంచి,

"తలుపేసి రారా నాయినా,
సగం వాన బయటికే పోతున్నది."